చలికి ముందు ఇంటి లెక్క

మన ఇళ్ళు ఎండకు భయపడి కట్టుకున్నవి. ఎదురెదురు తలుపులు, గోడ పైభాగాన మూతపడని వెంటిలేటర్లు, కాలికి చల్లగా తగిలే బండల గచ్చు, సాయంత్రం గాలి కోసం వరండా. ఏడాదిలో తొమ్మిది నెలలు మేలు చేసే ఈ ఏర్పాటే డిసెంబరు, జనవరి నెలల్లో ఎదురు తిరుగుతుంది. వేసవికి ముందు కుండ కొంటాం, కూలర్‌కు గడ్డి మార్పిస్తాం, ఒడియాలు పెట్టుకుంటాం. చలికి ముందు మాత్రం బీరువా అడుగున ఉన్న స్వెట్టర్లు పైకి తీసి, సిద్ధమైపోయాం అనుకుంటాం.

డబ్బున్న ఇంటికి దీంతో పెద్ద ఇబ్బంది లేదు. రేకుల కింద పడుకునే ఇంటికి, కూలి డబ్బుతో నెల గడిపే ఇంటికి ఇబ్బంది ఉంది. ఉన్న కొద్ది రూపాయల్లో ముందు ఏది కొనాలి, ఏది ఇంట్లోనే చేసుకోవాలి, ఏది అసలు చేయకూడదు? జనం చలికి వెతుక్కున్న దారులు స్థూలంగా నాలుగు: కప్పుకోవడం, మూసుకోవడం, కాచుకోవడం, తినడం. నాలుగింటికీ నాలుగు రకాల ఖర్చు. ఒకదానికి మాత్రం ప్రాణంతో వెల చెల్లించాల్సి వస్తుంది.

చలి అన్నిచోట్లా ఒకటి కాదు. కోస్తాలో సముద్రం కాపు కాస్తుంది. మచిలీపట్నం, కాకినాడ ఇళ్ళకు ఒక దుప్పటి అదనంగా ఉంటే సరిపోతుంది. సముద్రానికి దూరంగా, ఉత్తరపు పొడిగాలికి ఎదురుగా ఉన్న ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల సంగతి వేరు. సిర్పూర్ (యు), బేల, తిర్యాణి మండలంలోని గిన్నెధరి పేర్లు ప్రతి డిసెంబరులో పత్రికల్లో కనిపిస్తూనే ఉంటాయి. అటు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చింతపల్లి, లంబసింగి, జి.మాడుగుల, అరకులోయ ఎత్తు మీద ఉన్న ఊళ్ళు. చలి ముదిరిన వారాల్లో అక్కడ కనిష్ఠ ఉష్ణోగ్రత 5 డిగ్రీల కిందికి దిగడం కొత్త కాదు. హైదరాబాద్‌లో కూడా కోఠిలో ఉన్న చలి, పటాన్‌చెరు, రాజేంద్రనగర్ శివార్ల చలి ఒకటి కావు.

వాతావరణ శాఖ లెక్కలో మైదానంలో కనిష్ఠం 10 డిగ్రీలకు పడిపోయి, అది మామూలు కంటే 4.5 డిగ్రీలైనా తక్కువగా ఉంటేనే శీతల గాలులు వీచినట్టు. కొండ ప్రాంతాలకైతే ఆ గీత 0 డిగ్రీల దగ్గర ఉంది. 4 డిగ్రీల చలిలో వణికే కొండ మీది ఇల్లు ఆ కొలతకు అందదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన గృహ మార్గదర్శకాల్లో, చలి దేశాల్లో ఇంటి లోపల 18 డిగ్రీలకు తగ్గకుండా చూసుకోమని చెప్పింది. మన కొండ ఊళ్ళలో ఇంటి లోపలి వేడి, బయటి వేడి మధ్య తేడా రెండు మూడు డిగ్రీలకు మించని ఇళ్ళు చాలా ఉన్నాయి.

ఒక విషయం మాత్రం మనకు అనుకూలం. ఈ చలి రోజంతా ఉండేది కాదు. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. అర్ధరాత్రి దాటాక చలి పట్టు బిగించి, సూర్యోదయం వేళకు బాగా ముదురుతుంది. పది గంటలకల్లా ఎండ కాస్తుంది. అంటే మనం జయించాల్సింది రాత్రి రెండు గంటల నుంచి పొద్దున ఏడున్నర వరకు. ఆ వేళ ఇంటిల్లిపాదీ పక్క మీదే ఉంటారు. కాబట్టి గదిని వేడి చేయడం కంటే పక్కను వేడిగా ఉంచడం చవక. లెక్క కూడా అదే చెబుతుంది. 2 కిలోవాట్ల రూమ్ హీటర్ రాత్రి 6 గంటలు నడిస్తే 12 యూనిట్లు, నెలకు 360. తెలంగాణలో 200 యూనిట్ల లోపు వాడుకుని గృహజ్యోతి కింద సున్నా బిల్లు అందుకునే ఇల్లు, ఒక్క హీటరు పెట్టుకుంటే ఆ సాయం మొత్తం పోగొట్టుకుని పూర్తి బిల్లు కట్టాలి. తలుపు కింద వేలెడు సందున్న ఇంట్లో ఆ వేడి నిలవదు కూడా.

కప్పుకోవడం దగ్గర మనవాళ్ళు చేసే పొరపాటు ఒక్కటే: డబ్బంతా పైన కప్పుకునేదానికి పెట్టి కింద పరుచుకునేదాన్ని మరిచిపోతారు. బండల గచ్చు మీద చాప వేసుకుని, పైన ఎంత మందం రగ్గు కప్పుకున్నా, ఒంట్లో వేడిని నేల లాగేస్తూనే ఉంటుంది. నులక మంచం, నవారు మంచం మీదైతే గాలి కింది నుంచి తగులుతుంది. ముందు కింద పరుపు, ఆ తర్వాతే పైన దుప్పటి. దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఎండబెట్టిన వరిగడ్డి మందంగా పరిచి, మీద గోనెసంచులు వేసి, ఆపైన బొంత పరిస్తే మంచి పరుపుతో సమానం. గడ్డి దొరకని పట్నంలో అట్టపెట్టెలు విప్పి రెండు మూడు వరసలు పరిచినా తేడా వెంటనే తెలుస్తుంది.

బొంత గురించి కొంచెం వివరంగా చెప్పాలి, దాన్ని మించిన చవకైన వస్తువు నాకు కనిపించలేదు. ఉట్నూరు వైపు ఒక ఇంట్లో అత్తాకోడళ్ళు బొంత కుట్టడం చూశాను. ఉతికి ఆరేసిన పాత నూలు చీరలను వాకిట్లో పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టారు. చినుగులున్న చీరలు లోపలి పొరలకు, గట్టిగా ఉన్న రెండూ పైకీ కిందికీ. అంచుల నుంచి మొదలుపెట్టి లోపలికి, చేతి బెత్తెడు ఎడంగా, వరస మీద వరస దారం తీసుకుంటూ పోయారు. కోడలు కుట్టు ఎడం పెంచబోతే అత్త చేయి పట్టుకుని, "గట్లగాదు బిడ్డా, పొరలు జారి ఒక్కకాడికి జేరుతయ్" అంది. బొంతలోని కిటుకంతా ఆ మాటలో ఉంది. దుప్పటి వేడిని పుట్టించదు. పొరల మధ్య కదలకుండా నిలిచిన గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. పొరలు జారితే ఆ గాలి నిలవదు. పాలియెస్టర్ చీరలతో కుట్టిన బొంత తేలిగ్గా, అందంగా ఉంటుంది గానీ పొరలు జారతాయి, చెమట పీల్చవు. అవి పైపొరకు తప్ప పనికిరావు.

పాత దూది పరుపులున్న ఇళ్ళు కొత్తవి కొనే ముందు ఒక ఆలోచన చేయాలి. ఏళ్ళ తరబడి వాడిన దూది ఉండలు కట్టి రాయిలా అవుతుంది, అందులో గాలి ఉండదు. దూదేకులవాళ్ళ చేత ఏకించి మళ్ళీ నింపిస్తే అదే పరుపు కొత్తదానిలా పొంగుతుంది. ఈ పని చేసేవాళ్ళు ఊరూరా తగ్గిపోయారు, ఉన్నచోట కార్తీకం రాకముందే చెప్పుకోవాలి.

గొంగడి సంగతి బాధ కలిగించేది. దక్కనీ నల్లగొర్రె ఉన్నిని కురుమలు వడికి, చింతపిక్కల గంజి పెట్టి మగ్గం మీద నేసిన గొంగడి వానకు, చలికి, కింద పరచడానికి, పైన కప్పడానికి ఒకేలా పనికొచ్చేది. ఒకటి కొంటే ఏళ్ళకు ఏళ్ళు మన్నేది. మాంసం కోసం ఉన్ని లేని గొర్రెలను పెంచడం మొదలయ్యాక ఉన్ని తగ్గింది, నేసే చేతులూ తగ్గాయి. ఇప్పుడు అసలైన గొంగడి వేలల్లో పలుకుతోంది, పేద ఇంటికి అందదు. దాని స్థానంలోకి పానిపట్ రగ్గులు వచ్చాయి. పాత ఉన్ని బట్టలను పీచు చేసి మళ్ళీ నేసినవి వీటిలో ఎక్కువ. చెడ్డవని కాదు, చూసి కొనాలి. వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే జల్లెడలా కనిపించేది, చేత్తో రుద్దితే పీచు రాలేది వద్దు. ఒక మందపాటి రగ్గు కొనే డబ్బుతో రెండు పలచటివి వస్తే రెండే మేలు. మధ్యలో గాలి పొర ఏర్పడుతుంది, అవసరమైతే ఇద్దరికి పంచవచ్చు. పక్కబట్టలను వారానికి రెండుసార్లయినా మిట్టమధ్యాహ్నపు ఎండలో వేయాలి. రాత్రి చెమట, ఊపిరి తేమ పట్టిన బొంత చలిని ఆపలేదు.

స్వెట్టర్ల విషయం తొందరగా తేల్చవచ్చు. విజయవాడ, విశాఖ, హైదరాబాద్ పేవ్‌మెంట్ల మీద శీతకాలం దుకాణాలు పెట్టే టిబెటన్లు ఎక్కువగా లూధియానా సరుకే తెస్తారు. సీజన్ చివర జనవరిలో ధర దిగుతుంది, పిల్లలకు ఒక సైజు పెద్దది అప్పుడే కొని దాచుకోవాలి. ఇంట్లో అందరికీ స్వెట్టర్లు కొనలేని పక్షంలో ముందు అందరికీ టోపీ, సాక్సులు కొనండి. తల, చెవులు, పాదాలు వెచ్చగా ఉంటే నిద్ర పడుతుంది.

ఇక మూసుకోవడం. చలి ఇంట్లోకి వచ్చే దారులు మూడు: కప్పు, సందులు, గచ్చు. గచ్చు సంగతి పైన చెప్పుకున్నాం. కప్పులో అన్నింటికన్నా చెడ్డది రేకు. పల్చటి లోహం కాబట్టి ఆకాశానికి వేడి వదిలేసి, రాత్రి బయటి గాలి కంటే కూడా చల్లబడుతుంది. లోపల నలుగురు పడుకుంటే వాళ్ళ ఊపిరి తేమ రేకు అడుగున చెమటలా పట్టి, తెల్లారగట్ల దుప్పట్ల మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. తడిసిన దుప్పటితో ఆ చివరి రెండు గంటలు పిల్లలు ముడుచుకుని పడుకోవడం కొండ ఊళ్ళలో మామూలు దృశ్యం. దీనికి విరుగుడు రేకుకు అడుగు కిందుగా దూలాల నుంచి పాత చీరలు గానీ, ఉతికి విప్పి కుట్టిన ఎరువుల సంచులు గానీ చాందినీలా కట్టడం. చుక్కలు దాని మీద పడతాయి, మధ్యలోని గాలి పొర చలిని కొంత ఆపుతుంది. పొయ్యి ఉన్న వైపు మాత్రం కట్టకూడదు. వేసవిలో రేకుల మీద గడ్డి పరిచేవాళ్ళు దాన్ని శీతకాలంలోనూ పరిస్తే ఫలితం ఉంటుంది. నిప్పురవ్వ పడే పొయ్యి గొట్టం దగ్గర్లో లేకుండా చూసుకుంటే చాలు.

స్లాబు ఇంటికి ఈ బాధ తక్కువ. పగలు ఎండ తాగిన కాంక్రీటు రాత్రి కొంతసేపు వేడిని తిరిగి ఇస్తుంది. ఆ ఎండను లోపలికి కూడా రానివ్వాలి. ఈ కాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి దక్షిణపు కిటికీలు పది నుంచి మూడు దాకా బార్లా తెరిచి, నాలుగు కాగానే మూసేస్తే పైసా ఖర్చు లేకుండా గది వెచ్చబడుతుంది. తలుపు కింది సందుకు ఇసుకో ఊకో నింపిన గుడ్డ గొట్టం ఒకటి కుట్టి అడ్డం పెట్టాలి. ఉత్తరపు కిటికీకి గోనెపట్టా పరదా వేయాలి. ఇవన్నీ కలిపినా ఖర్చు కొన్ని వందల్లోపే. ఒక్క వెంటిలేటరు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉండాలి. ఎందుకో నిప్పు దగ్గర చెబుతాను.

వేడినీళ్ళు శీతకాలంలో ఇంటికి పడే నిజమైన కొత్త ఖర్చు, దాన్ని లెక్క కట్టేవాళ్ళు తక్కువ. 15 లీటర్ల బకెట్ నీళ్ళను 18 డిగ్రీల నుంచి 42 డిగ్రీలకు తేవడానికి సుమారు 0.42 యూనిట్ల వేడి కావాలి. నలుగురున్న ఇంట్లో రోజుకు తలా ఒక బకెట్ అంటే నెలకు 120 బకెట్లు. కరెంటు రాడ్‌తో అయితే 50, 60 యూనిట్లు. గ్యాస్ పొయ్యి మీద కొంత వేడి గాలికే పోతుంది కాబట్టి దాదాపు 6, 7 కిలోల గ్యాస్, అంటే 14.2 కిలోల సిలిండర్‌లో సగానికి దగ్గర. ఆంధ్రప్రదేశ్‌లో దీపం-2 కింద ఏడాదికి 3 ఉచిత సిలిండర్లు అందుకునే ఇల్లు వాటిలో ఒకదాన్ని రెండు నెలల స్నానాలకే కాల్చేస్తుందన్నమాట. తెలంగాణలో ఇప్పటికే 150 యూనిట్లు వాడే ఇల్లు రాడ్ పెట్టగానే 200 గీత దాటే ప్రమాదం ఉంది. అలాంటి ఇల్లు రాడ్‌ను, గ్యాస్‌ను పంచుకుని వాడుకోవాలి. అన్నిటికంటే చవక స్నానం వేళ మార్చుకోవడం. డాబా మీది నల్ల ట్యాంకులో నీళ్ళు మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు గోరువెచ్చగా ఉంటాయి. సెలవు రోజుల్లో పిల్లలకు, పనికి వెళ్ళని పెద్దలకు ఆ వేళే స్నానం. కార్తీక స్నానాలు, అయ్యప్ప దీక్షల చన్నీళ్ళ స్నానాలు కూడా ఈ కాలంలోనే వస్తాయి. చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది కాబట్టి గుండె జబ్బు ఉన్నవాళ్ళు వైద్యుణ్ణి అడిగాకే ఆ పని చేయాలి.

రాడ్ కొంటే ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనండి. బకెట్‌కు అడ్డంగా కర్ర పెట్టి దానికి తగిలించాలి, స్విచ్ ఆపి ప్లగ్ పీకాకే నీళ్ళలో వేలు పెట్టాలి. నీళ్ళు కాగాయో లేదో చేత్తో చూడబోయి చనిపోయినవాళ్ళ వార్తలు ప్రతి శీతకాలంలో చదువుతూనే ఉన్నాం. మీటరు దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టిస్తే షాక్ తగిలిన క్షణంలోనే కరెంటు ఆగిపోతుంది. రగ్గుల డబ్బు తగ్గించుకునైనా ఇది పెట్టించుకోవాలని నా గట్టి అభిప్రాయం.

కాచుకోవడం అంటే ప్రాణాల మీదికి వచ్చే దారి. వాకిట్లో చలిమంట వేసుకుంటే ప్రమాదం లేదు, పది మంది కూర్చుని మాట్లాడుకుంటారు కూడా. అది ఆరిపోయాక మిగిలిన నిప్పులను కుంపట్లోకి ఎత్తి గదిలో పెట్టుకుని, తలుపు బిగించి పడుకోవడం దగ్గర ప్రాణం పోతోంది. మన తాతలు కూడా కుంపటి పెట్టుకున్నారు కదా అంటారు. వాళ్ళు పెట్టుకున్నది పెంకుటింట్లో, పూరింట్లో. పెంకుల సందుల్లోంచి, గడ్డిలోంచి, చూరు కింది నుంచి గాలి ఎప్పుడూ ఆడుతూనే ఉండేది. ఇప్పుడు అదే కుంపటి స్లాబు కింద, అల్యూమినియం కిటికీల మధ్య, సిమెంటు గోడల గదిలోకి వచ్చింది. ఇల్లు మారింది, నిప్పు అలవాటు మారలేదు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి. నిద్రలో ఉన్నవాళ్ళకు అవి కూడా తెలియవు. పొగ రావడం లేదు కదా అన్న ధీమాతోనే చాలామంది పోయారు. కట్టెల పొగైనా కళ్ళు మండించి లేపుతుంది, కణకణలాడే బొగ్గు లేపదు. పడుకునే గదిలోకి కుంపటి రాకూడదు. వెంటిలేటరు తెరిచి ఉంచమన్నది కూడా వంటింటి పొగ, గ్యాస్ గీజరు వాయువు బయటికి పోవడానికే.

గదిలో నిప్పు పెట్టుకోవడం చదువు లేనివాళ్ళు చేసే పని అనుకోకూడదు. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌ను మంచు తుపాను ముంచెత్తి రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు, బొగ్గు గ్రిల్లులు ఇంట్లోకి తెచ్చుకుని, గరాజ్‌లో కారు నడిపించి ఇదే వాయువుతో అక్కడ మనుషులు చనిపోయారు. డాలస్ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. చలిదేశానికి పిల్లలను చదువుకు పంపే తల్లిదండ్రులు జాకెట్ల గురించి అడిగినంతగా గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా అని కూడా అడగాలి.

తిండి దగ్గర శీతకాలం కొంత దయ చూపిస్తుంది. చిక్కుడు, టమాటా, క్యాబేజీ, పాలకూర చవకవుతాయి. గుడ్డు ధర మాత్రం గిరాకీతో పెరుగుతుంది. ఆదిలాబాద్ జొన్నరొట్టె, మన్యంలో చోడి అంబలి, సంక్రాంతి నువ్వులుండలు ఈ కాలానికి తగిన తిండే. వంటింట్లో వృథా అయ్యేవి పాలు, పిండి. తోడు పడక పాలు, పులవక ఇడ్లీపిండి పోతుంటాయి. పాలు ఇంకొంచెం వేడిగా ఉండగానే తోడు వేసి, గిన్నెను పాత టవల్‌లో చుట్టి బియ్యం డబ్బాలో పెడితే పొద్దుటికి గడ్డపెరుగు. కొండ ఊళ్ళలో గ్యాస్ ఉండగానే మంట సన్నగిల్లితే సిలిండర్ మీద మరుగునీళ్ళు పోస్తారు. అది ప్రమాదం. రాత్రి పూట సిలిండర్‌ను చల్లటి బండ మీద కాకుండా చెక్క పలక మీద నిలబెడితే కొంత మేలు.

ఇంట్లో పసికందు ఉంటే లెక్క మొత్తం మారుతుంది. పుట్టిన బిడ్డకు మొదటి 24 గంటలు స్నానం చేయించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బిడ్డను తల్లి ఎద మీద ఒంటికి ఒళ్ళు తగిలేలా పెట్టి, ఇద్దరికీ కలిపి కప్పడాన్ని మించిన హీటరు లేదు. తండ్రి కూడా అలా పెట్టుకోవచ్చు. ముసలివాళ్ళకు చలి తెలియడం ఆలస్యం. వణుకు లేదు కదా అని వదిలేయకుండా, పొట్ట మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందేమో చూడాలి.

ఇన్ని చెప్పినా, చాలా ఇళ్ళలో అడ్డం వచ్చేది డబ్బు చేతికి అందే వేళ. ఆదిలాబాద్ రైతుకు పత్తి అమ్మకం మొదలయ్యేసరికి చలి కూడా మొదలవుతుంది. పైగా పత్తిలో తేమ 8 శాతం లోపు ఉంటేనే భారత పత్తి సంస్థ (సీసీఐ) పూర్తి మద్దతు ధర ఇస్తుంది, 12 దాటితే కొనదు. రాత్రి కురిసిన మంచు ఆ తేమను పెంచుతుంది. రగ్గులు కొనాల్సిన చేతికి ఆ మంచే డబ్బు తగ్గిస్తుంది. మన్యంలో కాఫీ పళ్ళు కోసి అమ్మేది నవంబరు నుంచి. అందుకే చలి సగం పోయాక, జనవరి సంతలో రగ్గులు కొంటారు. డబ్బు అక్కర్లేని పనులు, అంటే బొంతలు, చాందినీ, తలుపు సందు, గడ్డి పరుపు దసరా లోపు ముగించుకోవాలి. డబ్బుతో పని పడేవాటిని పంట అమ్మకం దాకా ఆపవచ్చు. దుప్పట్లు పంచే దాతలు, సంస్థలు కూడా సంక్రాంతికి కాకుండా దీపావళికి పంచితే అవే దుప్పట్లు రెండు నెలలు ఎక్కువ పనికొస్తాయి.

ప్రభుత్వాలు కట్టిస్తున్న ఇళ్ళ దగ్గర నాకు నిజంగా బాధ ఉంది. తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు ఇస్తున్నారు, కనీసం 400 చదరపు అడుగులు. పీఎం జన్‌మన్ కింద కొలాం, తోటి వంటి ఆదిమ తెగలకు పక్కా ఇళ్ళు వస్తున్నాయి. మట్టిగోడ, గడ్డికప్పు నుంచి సిమెంటు ఇంటికి మారుతున్న తరం ఇది. ఖమ్మం ఎండకు గీసిన పటమే గిన్నెధరి చలికీ వాడుతున్నారు. పునాది తీసేటప్పుడే మేస్త్రీతో మాట్లాడుకుంటే పెద్దగా ఖర్చు పెరగకుండా కొన్ని మార్పులు చేయించుకోవచ్చు. పెద్ద కిటికీ దక్షిణానికి, చిన్నది ఉత్తరానికి పెట్టించాలి. గడప ఎత్తి కట్టించాలి. పడక గదిలో బండలకు బదులు, మట్టి కొట్టి అలికిన పాత పద్ధతి గచ్చు కొంత భాగమైనా ఉంచుకోవాలి. పొయ్యి గొట్టానికి స్లాబు పోసేటప్పుడే బెజ్జం వదిలించాలి. పోసేశాక ఆ బెజ్జం కొట్టించడానికి ఎవరూ ఒప్పుకోరు, పొయ్యి పొగ గదిలోనే ఉండిపోతుంది.